నెలలోపు బిడ్డ: భయపడనక్కర్లేనివి, భయపడి తీరాల్సినవి

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో తొలి కాన్పుకు ఆడపిల్ల కన్నవారింటికి రావడం ఆనవాయితీ. కాన్పు ఆసుపత్రిలో జరిగినా, మూడో రోజో అయిదో రోజో తల్లీబిడ్డలు ఇల్లు చేరాకే అసలు బాధ్యత మొదలవుతుంది. అమ్మమ్మ ఒక మాట చెబుతుంది, మనవడిని చూడడానికి వచ్చిన మామ్మ ఇంకో మాట చెబుతుంది, ఆశా కార్యకర్త మరొకటి చెబుతుంది, పనికోసం చెన్నైకో హైదరాబాదుకో గుజరాత్‌లోని వేరావల్ రేవుకో వెళ్లిన తండ్రి ఫోనులో చూసిన వీడియోలతో కొత్త సందేహాలు లేవదీస్తాడు. అందరూ బిడ్డ మేలు కోరే వాళ్లే. అయినా కుట్లు సలుపుతూ, రాత్రీ పగలూ రెండు గంటలకోసారి లేస్తూ ఉన్న పచ్చి బాలింత, ఈ మాటల్లో ఏది పాటించాలో, ఏది విని ఊరుకోవాలో తేల్చుకోవడం చాలా కష్టం.

ఈ చిక్కుకు ఒక మూలం ఉంది. పుట్టిన తొలి 28 రోజుల్లో బిడ్డ శరీరంలో సహజంగా జరిగే మార్పులు చాలావరకు జబ్బుల్లాగే కనిపిస్తాయి. బరువు తగ్గుతుంది, ఒళ్లు పచ్చబడుతుంది, పాలు చాలనట్టు గంటగంటకూ ఏడుస్తుంది. తల్లి హార్మోన్ల ప్రభావం వల్ల మగబిడ్డకైనా ఆడబిడ్డకైనా రొమ్ములు కాస్త వాచవచ్చు, ఆడబిడ్డకు మొదటి వారంలో రెండు చుక్కల నెత్తురు కూడా కనిపించవచ్చు. నిజంగా ప్రాణం మీదికి తెచ్చే జబ్బు మాత్రం పైకి నిద్రలా, నెమ్మదిలా కనిపిస్తుంది. పెద్ద పిల్లలకు జబ్బు చేస్తే ఒళ్లు కాలిపోతుంది, ఏడుస్తారు, గోల చేస్తారు. నెలలోపు బిడ్డకు రక్తంలో ఇన్‌ఫెక్షన్ పాకితే జ్వరం రాకుండానే ఒళ్లు చల్లబడిపోవచ్చు, గొంతు పెగలకపోవచ్చు, పాలకు లేవకపోవచ్చు. ‘బంగారుకొండ, ఏడుపన్నదే ఎరగడు’ అని ఇల్లంతా మురిసిపోతున్న బిడ్డే ఒక్కోసారి అందరికంటే ముందు ఆసుపత్రికి చేరాల్సిన బిడ్డ. మన ఇళ్లలో భయం ఉండనక్కర్లేని చోట ఎక్కువగా, ఉండాల్సిన చోట తక్కువగా ఉండడానికి కారణం ఇదే.

పాలు చాలడం లేదన్న అనుమానం

అన్నిటికంటే ఎక్కువ గందరగోళం పాల దగ్గరే మొదలవుతుంది. కాన్పయిన మొదటి రెండు మూడు రోజులు వచ్చేవి ముర్రుపాలు. అవి చిక్కగా, పసుపు పచ్చగా, చెంచాతో కొలిచేంత తక్కువగా ఉంటాయి. చూసేవాళ్లకు ‘ఇంకా పాలు పడలేదు’ అనిపిస్తుంది. అయితే తొలిరోజు బిడ్డ పొట్టలో ఒక విడతకు పట్టేది సుమారు 5 నుంచి 7 మిల్లీలీటర్లు, అంటే ఒక చిన్న చెంచా మాత్రమే. ప్రకృతి ఆ కొలతకు తగ్గట్టే పాలు ఇస్తోంది. పైగా ముర్రుపాలలోని రక్షణ పదార్థాలు బిడ్డ పేగు లోపలి పొరను అంటిపెట్టుకుని క్రిములను అడ్డుకుంటాయి, నల్లగా జిగటగా ఉండే తొలి విరేచనం సాఫీగా బయటికి పోవడానికి తోడ్పడతాయి. అందుకే పుట్టిన గంటలోపే రొమ్ము పట్టించాలని, ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప మంచినీళ్లయినా ఇవ్వొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

మూడు నాలుగు రోజులకు పాలు బాగా పడతాయి. సిజేరియన్ అయిన తల్లికి ఇది ఒకటి రెండు రోజులు ఆలస్యం కావచ్చు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 42 శాతం కాన్పులు సిజేరియన్లే కాబట్టి, ఈ ఆలస్యం మన ఊళ్లలో ఇంటింటి సంగతి అయింది. సరిగ్గా ఆ ఒకటి రెండు రోజుల్లోనే ఎవరో ఒకరు డబ్బాపాలు తెప్పిస్తారు. అక్కడి నుంచి ఏం జరుగుతుందో కాస్త వివరంగా తెలుసుకోవాలి, ఎందుకంటే ‘పాలు రాలేదు’ అనుకునే తల్లుల్లో చాలామంది విషయంలో పాలు రాకపోవడానికి కారణం ఇక్కడే పుడుతుంది.

బిడ్డ రొమ్ము చీకినప్పుడు తల్లి మెదడు నుంచి రెండు హార్మోన్లు విడుదలవుతాయి. ప్రొలాక్టిన్ పాలను తయారు చేయిస్తుంది, ఆక్సిటోసిన్ తయారైన పాలను బయటికి నెడుతుంది. ఎంత ఎక్కువసార్లు చీకితే అంత ఎక్కువ పాలు తయారవుతాయి. ప్రొలాక్టిన్ రాత్రిపూట ఎక్కువగా ఊరుతుంది గనుక రాత్రి పాలివ్వడం మానకూడదు. రొమ్ము ఖాళీ కాకుండా నిండుగా ఉండిపోతే, అందులో మిగిలిన పాలే ఇక తయారీ తగ్గించమని రొమ్ముకు సంకేతం ఇస్తాయి. ఇప్పుడు బిడ్డకు సీసాతో 30 మిల్లీలీటర్ల డబ్బాపాలు పట్టించారనుకుందాం. పొట్ట నిండి మూడు నాలుగు గంటలు మగతగా పడుకుంటాడు, రెండు సార్లు చీకాల్సిన వాడు ఒకసారీ చీకడు, రొమ్ము నిండుగా ఉండిపోతుంది, మర్నాటికి పాలు నిజంగానే తగ్గుతాయి. తగ్గాయి గనుక మరో సీసా కలుపుతారు. వారం తిరిగేసరికి ‘దీనికి పాలే రాలేదు’ అన్న మాట ఇంట్లో స్థిరపడిపోతుంది. ఆ తల్లి శరీరంలో లోపం ఏమీ లేకపోయినా నింద మాత్రం ఆమె మోయాల్సి వస్తుంది.

పాలు చాలుతున్నాయో లేదో ఏడుపును బట్టి చెప్పలేం. రొమ్ము మెత్తగా ఉందా గట్టిగా ఉందా అన్నదాన్ని బట్టి కూడా చెప్పలేం. చెప్పగలిగేవి మూడే: మూత్రం, విరేచనం, బరువు. తొలిరోజు ఒకసారి, రెండో రోజు రెండుసార్లు, అలా పెరుగుతూ అయిదారు రోజులకు రోజుకు కనీసం ఆరుసార్లు గుడ్డ తడపాలి. మొదటి రెండు మూడు రోజులు గుడ్డ మీద ఇటుక రంగు మరక కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు. అయిదో రోజు తర్వాత కూడా అదే మరక ఉంటే పాలు సరిగా అందడం లేదని అర్థం. నల్లటి విరేచనం నాలుగైదు రోజుల్లో ఆకుపచ్చకు, తర్వాత పసుపుకు మారాలి. తల్లిపాలు తాగే బిడ్డ పాలు తాగిన ప్రతిసారీ పలచగా విరేచనం చేస్తే అది నీళ్ల విరేచనాల జబ్బు అని పొరబడకూడదు.

బరువు సంగతి ఇంకా ముఖ్యం. 2,800 గ్రాములతో పుట్టిన బిడ్డ నాలుగో రోజున 2,600 గ్రాములు తూగితే పెద్దవాళ్ల గుండె జారిపోతుంది. మొదటి రోజుల్లో ఒంట్లో అదనంగా ఉన్న నీరు పోవడం వల్ల పుట్టిన బరువులో పదో వంతు లోపు తగ్గడం మామూలే. పదో రోజు నుంచి పధ్నాలుగో రోజు లోపు ఆ బరువు తిరిగి రావాలి, ఆ తర్వాత రోజుకు 20 నుంచి 30 గ్రాములు పెరగాలి. పదో వంతు మించి తగ్గినా, రెండు వారాలకు పుట్టిన బరువు చేరకపోయినా డాక్టరుకు చూపించాలి. ఆసుపత్రిలో పుట్టిన బిడ్డను చూడడానికి ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి రావాలన్నది ప్రభుత్వ నియమం, ఆమె దగ్గర బిడ్డను తూచే కాటా ఉంటుంది. కన్నవారింటికి వచ్చిన బాలింత పేరు అత్తవారి ఊరి రిజిస్టరులో ఉండి, ఇక్కడి ఆశాకు కబురు అందకపోవడం తరచుగా జరిగే పొరపాటు. కాన్పుకు ముందే రెండు ఊళ్ల ఆశాలకూ చెప్పి ఉంచితే ఈ ఆరు సందర్శనలూ జారిపోవు.

సాయంత్రం వేళ కొందరు బిడ్డలు రెండు మూడు గంటలు వరుసగా రొమ్ము వదలరు, వదిలితే ఏడుస్తారు. రెండు మూడు వారాల వయసులోనూ, ఆరు వారాల దగ్గరా ఇది ఎక్కువవుతుంది. పాలు అయిపోయాయన్న మాట ఎక్కువగా ఈ సాయంత్రాల్లోనే పుడుతుంది. పైన చెప్పిన మూడు లెక్కలూ సరిగా ఉంటే, బిడ్డ తన రేపటి అవసరానికి పాలు పెంచుకుంటున్నాడని అనుకుని ఓపిగ్గా పట్టించడమే చేయాల్సింది.

చనుమొనలు పగిలి నెత్తురు కారుతున్నా ఓర్చుకోవాలని చెప్పడం అన్యాయం. పాలివ్వడం భరించలేనంత నొప్పిగా ఉంటే, చాలాసార్లు బిడ్డ చనుమొనను మాత్రమే పట్టుకుని చీకుతున్నాడన్నమాట. తల్లి వెనక్కి ఆనుకుని కూర్చుని, బిడ్డ తల, మెడ, నడుము ఒకే గీతలో ఉండేలా తన పొట్టకు పొట్ట ఆనించి పట్టుకోవాలి. చనుమొనతో బిడ్డ పై పెదవిని తాకిస్తే ఆవలించినంత వెడల్పుగా నోరు తెరుస్తాడు, అప్పుడు బిడ్డను రొమ్ము దగ్గరికి తీసుకురావాలి గానీ రొమ్మును బిడ్డ నోట్లోకి కుక్కకూడదు. చనుమొన చుట్టూ ఉన్న నల్లటి వలయంలో ఎక్కువ భాగం నోట్లోకి పోవాలి. గడ్డం రొమ్ముకు ఆని ఉండి, కింది పెదవి బయటికి మడిచి ఉండి, మింగుతున్న చప్పుడు వినిపిస్తే పట్టు కుదిరినట్టే. కుదరకపోతే చిటికెన వేలు నోటి మూలలో పెట్టి మెల్లగా విడిపించి మళ్లీ మొదలుపెట్టాలి. మొదటి వారంలో ఇది పది సార్లకు మూడు సార్లే కుదిరినా నిరుత్సాహపడనక్కర్లేదు.

బరువు తక్కువ బిడ్డ చీకలేకపోతే తల్లిపాలు చేత్తో పిండి ఉగ్గుగిన్నెతో పట్టవచ్చు. మన అమ్మమ్మల ఇళ్లలో ఉండే ఆ ముక్కు గిన్నెనే నేటికీ నవజాత శిశువుల వార్డుల్లో వాడుతున్నారు. సీసా కంటే దీన్ని శుభ్రం చేయడం తేలిక, వేడినీళ్లలో మరిగిస్తే చాలు. పిండిన పాలు మన ఎండలకు బయట నాలుగు గంటలకు మించి ఉంచకూడదు.

తల్లి పథ్యం గురించి కూడా ఇక్కడే చెప్పాలి. నీళ్లు తాగితే ఒళ్లు చేస్తుందని, పప్పు తింటే బిడ్డకు కడుపునొప్పి వస్తుందని, ఆకుకూరలు చలువ అని బాలింతను కారప్పొడి అన్నంతో సరిపెట్టే ఇళ్లు ఇంకా ఉన్నాయి. పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలూ రోజుకు 600 కిలోకేలరీలు అదనంగా కావాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ నిర్దేశించింది. చోడి (రాగి) అంబలి, పప్పు, గుడ్డు, చేపలు, తోటకూర అన్నీ పెట్టాలి, దాహం వేసినప్పుడల్లా నీళ్లివ్వాలి. బాలింతలకు దినుసులతో చేసే కాయం ముద్ద పెట్టడం వల్ల నష్టం లేదు, అది అన్నం స్థానాన్ని ఆక్రమించనంతవరకు. ఆసుపత్రిలో రాసిచ్చిన ఐరన్, కాల్షియం మాత్రలు పథ్యం పేరుతో ఆపకూడదు.

డబ్బాపాలు అసలు పనికిరావని కాదు. తల్లి కొన్ని ప్రత్యేకమైన మందులు వాడుతున్నప్పుడో, బిడ్డ రక్తంలో చక్కెర పడిపోయినప్పుడో డాక్టరు రాసిస్తే, డబ్బా మీద ఉన్న కొలత ప్రకారమే కలపాలి. ఎక్కువ రోజులు రావాలని పలచన చేస్తే బిడ్డ ఆకలితో పాటు లవణాల లోపానికీ గురవుతాడు. బంధువుల సలహా మీద, దుకాణదారు సిఫారసు మీద మాత్రం మొదలుపెట్టకూడదు. పాలపొడి కంపెనీల ప్రచారాన్ని నిషేధిస్తూ 1992లోనే దేశంలో చట్టం వచ్చింది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటిన తర్వాత ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు, మోటార్లు నడవక తాగునీటికి జనం అల్లాడారు. సీసా కడగడానికీ పొడి కలపడానికీ మరిగించిన నీళ్లు కావాలి, అలాంటి రోజుల్లో అవి ఎక్కడి నుంచి వస్తాయి? తుపాన్లు తరచుగా వచ్చే మన తీరంలో తల్లిపాలకు ఉన్న ఈ విలువను ఎవరూ లెక్కవేయరు.

పచ్చబడిన ఒళ్లు

కడుపులో ఉన్నప్పుడు బిడ్డకు ఎర్ర రక్తకణాలు ఎక్కువగా అవసరం. పుట్టి సొంతంగా ఊపిరి తీసుకోవడం మొదలుపెట్టాక అన్ని అక్కర్లేదు, అవి త్వరగా విరిగిపోతాయి. విరిగిన కణాల నుంచి బిలిరుబిన్ అనే పసుపు పదార్థం వస్తుంది. దాన్ని శుద్ధి చేసి బయటికి పంపాల్సిన కాలేయం ఇంకా పూర్తిగా పనిలోకి దిగి ఉండదు. అందుచేత నెలలు నిండి పుట్టిన బిడ్డల్లో కూడా సగానికి పైగా రెండో మూడో రోజున పచ్చబడతారు, మూడు నుంచి అయిదు రోజుల మధ్య ఆ రంగు ముదిరి, రెండు వారాల్లోపు దానంతటదే పోతుంది. పెద్దవాళ్లకు వచ్చే పచ్చకామెర్లకూ దీనికీ సంబంధం లేదు. తల్లి పసుపు తిన్నందువల్లో, పసుపు గుడ్డలు చుట్టినందువల్లో ఇది రాదు.

ఇంతవరకు వింటే ఊరట కలుగుతుంది. కానీ బిలిరుబిన్ మోతాదు మించితే అది రక్తం నుంచి మెదడులోకి ప్రవేశించి, బతికున్నంతకాలం వదలని చెవుడును, అవయవాల బిగుతును మిగులుస్తుంది. కాబట్టి మామూలు పచ్చదనాన్ని ప్రమాదకరమైన పచ్చదనం నుంచి వేరుచేయడం తెలిసి ఉండాలి. బిడ్డను కిటికీ దగ్గర పగటి వెలుతురులోకి తెచ్చి, నుదుటి మీద, రొమ్ము ఎముక మీద, మోకాలి కింద వేలితో ఒక్క క్షణం నొక్కి వదిలి, ఆ చోట కనిపించే రంగు చూడాలి. చామనఛాయ, నలుపు ఒంటి మీద పచ్చదనం తేలిగ్గా కనిపించదు గనుక చిగుళ్లు, కంటి తెల్లగుడ్డు కూడా చూడాలి. పచ్చదనం ముఖం నుంచి మొదలై కిందికి దిగుతుంది, ఎంత కిందికి దిగితే అంత ఎక్కువ ఉన్నట్టు లెక్క. అరచేతులు, అరికాళ్లు పచ్చబడితే అది అర్ధరాత్రి అయినా ఆసుపత్రికి బయల్దేరాల్సిన పరిస్థితి. పుట్టిన 24 గంటల్లోపే పచ్చబడినా అంతే. కంటి చూపుతో వేసే ఈ అంచనా తప్పవచ్చు, అందుకే అనుమానం ఉన్నప్పుడు చిన్న రక్తపరీక్ష చేయించుకోవడం మేలు.

రెండు వారాలు దాటినా పచ్చదనం పోకపోతే, ముఖ్యంగా విరేచనం సున్నం రంగులో తెల్లగా, మూత్రం ముదురు పసుపుగా ఉంటే, పైత్యనాళాలు మూసుకుపోయి ఉండవచ్చు. దానికి చేసే శస్త్రచికిత్స రెండు నెలల వయసులోపు జరిగితేనే ఎక్కువగా ఫలిస్తుంది. పసరు పోయించి, తాయెత్తు కట్టించి నెల గడిపితే పోయేది ఆ విలువైన నెలే.

ఎండలో పెట్టడం గురించి ప్రతి ఇంట్లోనూ మాట వస్తుంది. 1956లో ఇంగ్లండులోని రోచ్‌ఫర్డ్ ఆసుపత్రిలో వార్డ్ అనే నర్సు నెలలు నిండని బిడ్డలను తోటలో ఎండకు తిప్పి తెచ్చేది, ఎండ తగిలిన మేర ఒంటి పచ్చదనం తగ్గడం అక్కడి వైద్యుల దృష్టికి వచ్చింది. ఆ గమనిక నుంచే రెండేళ్లకు నీలికాంతి చికిత్స పుట్టింది. అందువల్ల పెద్దవాళ్ల నమ్మకంలో నిజం లేకపోలేదు. అయితే చికిత్సకు పనికొచ్చేది నీలి రంగు కాంతి, అది ఒళ్లంతా గంటల తరబడి పడాలి. ఉదయం పది నిమిషాల ఎండతో అది సాధ్యం కాదు, ఎక్కువసేపు ఉంచితే లేత చర్మం కమిలిపోతుంది, బట్టలు విప్పినందుకు ఒళ్లు చల్లబడుతుంది. ఎండ చూపించడంలో నాకు అభ్యంతరం ఉన్నది ఒక్క విషయంలోనే: ‘ఎండలో పెడుతున్నాం కదా’ అన్న భరోసాతో పరీక్ష వాయిదా పడుతుంది.

తల్లిది నెగటివ్ గ్రూపు రక్తం అయి బిడ్డది పాజిటివ్ అయినప్పుడు, లేదా తల్లిది ఓ గ్రూపు అయి బిడ్డది ఏ లేదా బి అయినప్పుడు పచ్చదనం త్వరగా, ఎక్కువగా రావచ్చు. నెగటివ్ గ్రూపు తల్లికి పాజిటివ్ బిడ్డ పుడితే 72 గంటల్లోపు యాంటీ-డి ఇంజెక్షన్ ఇస్తారు, అది తర్వాతి బిడ్డ కోసం. ఇంకో కారణం ఇంట్లోనే దాగి ఉంటుంది. నవజాత శిశువును మెత్తటి పాత చీర ముక్కల్లో చుట్టడం మంచి అలవాటు. ఆ చీర ట్రంకుపెట్టె నుంచి వచ్చిందైతే అందులో కలరా ఉండల వాసన ఉంటుంది. వాటిలోని నాఫ్తలీన్, జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్న బిడ్డల ఎర్ర రక్తకణాలను పగలగొడుతుంది, పచ్చదనం ఒక్కసారిగా పెరిగిపోతుంది. మలేరియా తరతరాలుగా ఉన్న ప్రాంతాల ప్రజల్లో ఈ లోపం ఎక్కువ. 2022 దాకా ఈ రెండు జిల్లాల్లోనే ఉండి ఇప్పుడు పార్వతీపురం మన్యంలో చేరిన సీతంపేట, గుమ్మలక్ష్మీపురం కొండలు మలేరియాకు పేరుపడ్డవే. బిడ్డ గుడ్డలున్న పెట్టెలో కలరా ఉండలు అసలు వేయకూడదు. పెట్టెలోంచి తీసిన పాత గుడ్డలను ఉతికి, వాసన పూర్తిగా పోయేదాకా ఎండకు ఆరేసి వాడాలి.

అమ్మమ్మ పద్ధతులు, డాక్టరు మాటలు

ఈ రెండింటి మధ్య తగువు పెట్టుకోవడం వల్ల బిడ్డకు ఒరిగేదేమీ లేదు. నా మట్టుకు ఒక కొలత పెట్టుకుంటే చాలా తగాదాలు తీరిపోతాయి: ఒంటి పైన చేసేవాటిలో ఎక్కువ భాగం ఉంచుకోవచ్చు, నోట్లోకీ ముక్కులోకీ చెవుల్లోకీ కళ్లలోకీ బొడ్డులోకీ పోయేవన్నీ మానాలి.

మాయ నుంచి కోసిన బొడ్డుకు పసుపు, బూడిద, పౌడరు, ఆముదం ఏదీ పెట్టకుండా పొడిగా వదిలేస్తే వారం, రెండు వారాల్లో రాలిపోతుంది. గుడ్డను బొడ్డు కిందికి మడిచి కట్టాలి. తల్లులకు ధనుర్వాతం టీకాలు ఇచ్చి, కాన్పులు శుభ్రంగా చేసి, బొడ్డును శుభ్రంగా ఉంచడం వల్లనే 2015లో భారతదేశం నవజాత శిశువుల ధనుర్వాతాన్ని నిర్మూలించిన దేశంగా గుర్తింపు పొందింది. ఒకప్పుడు పురిటింట్లో ఎందరో బిడ్డలను తీసుకుపోయిన జబ్బు అది. బొడ్డు చుట్టూ ఎర్రబడి వాసన వచ్చినా, చీము కారినా ఆలస్యం చేయకూడదు.

పీట మీద కూర్చుని, కాళ్లు చాపి, పిక్కల మీద బిడ్డను పడుకోబెట్టి, ముంజేతితో నీళ్ల వేడి చూసుకుంటూ లాల పోసే అమ్మమ్మ చేతి నేర్పు ఏ శిక్షణలోనూ దొరకదు. ఆ నేర్పు అలాగే ఉండాలి. మొదటి స్నానం మాత్రం పుట్టిన 24 గంటల తర్వాతే చేయించాలి. రెండున్నర కిలోల కంటే తక్కువ బరువున్న బిడ్డకు బరువు పెరిగేదాకా తడిగుడ్డతో తుడవడమే మంచిది. కొబ్బరి నూనెతో మెల్లగా మర్దన చేయవచ్చు. ముక్కులో నూనె చుక్కలు వేసి ఊదడం, నోట్లో వేలు పెట్టి కఫం తీయడం, వాచిన రొమ్ములను పిండడం మానాలి. నూనె ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది, పిండిన రొమ్ము చీము పడుతుంది. ఆముదం చుక్క, వసకొమ్ము గంధం, తేనె, పంచదార నీళ్లు, గ్రైప్ వాటర్ ఏదీ నాలుక మీద రాయకూడదు. కాటుక కంటికి పెట్టకుండా అరికాలికి దిష్టిచుక్కగా పెట్టుకుంటే ముచ్చటా తీరుతుంది, కన్నూ క్షేమంగా ఉంటుంది. సాంబ్రాణి పొగ బిడ్డ ఊపిరికి మంచిది కాదు, గది తలుపులు మూసి వేయడం మరీ చెడ్డది. ఎక్కడైనా పొట్ట మీద వాతలు పెట్టే అలవాటు మిగిలి ఉంటే దాన్ని నిలదీసి ఆపాలి.

బిడ్డను ఎంత వెచ్చగా ఉంచాలో తెలియడానికి థర్మామీటరు లేకపోయినా, చేతి వెనుక భాగంతో పొట్టనూ పాదాలనూ తాకి చూడవచ్చు. రెండూ వెచ్చగా ఉంటే సరిపోయినట్టు. పొట్ట వెచ్చగా ఉండి పాదాలు చల్లగా ఉంటే బిడ్డ చలిని ఓర్చుకుంటున్నాడు, రెండూ చల్లగా ఉంటే ప్రమాదం. రెండున్నర కిలోల లోపు బిడ్డకు అన్నిటికంటే మంచి వెచ్చదనం తల్లి ఒంటిదే. టోపీ, లంగోటీ తప్ప మరేమీ లేకుండా బిడ్డను తల్లి రొమ్ముల మధ్య నిటారుగా ఆనించి, పైన చీర కట్టుకుని గంటల తరబడి ఉంచడాన్ని కంగారూ సంరక్షణ అంటారు. 1978లో కొలంబియా రాజధాని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక వైద్యులు మొదలుపెట్టిన పద్ధతి ఇది. బరువు తక్కువ బిడ్డలకు పుట్టిన వెంటనే దీన్ని మొదలుపెట్టాలని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. తల్లి అలసిపోతే తండ్రి, అమ్మమ్మ, పిన్ని ఎవరైనా చేయవచ్చు. ఊళ్లో ఉన్న తండ్రి రోజుకు రెండు గంటలు ఇలా పడుకుంటే తల్లికి నిద్ర కూడా దొరుకుతుంది. నిద్రపుచ్చేటప్పుడు బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టాలి, ముఖం దగ్గర మెత్తటి దిండ్లు, బొంతలు ఉండకూడదు.

పుట్టిన రోజునే బీసీజీ, పోలియో చుక్కలు, 24 గంటల్లోపు హెపటైటిస్-బి టీకా, విటమిన్-కె ఇంజెక్షన్ పడ్డాయో లేదో డిశ్చార్జి కాగితంలో చూసుకోవాలి. తర్వాతి టీకాలు ఆరు వారాలకు.

కాన్పయిన మూడో నాలుగో రోజు నుంచి కారణం లేకుండా కన్నీళ్లు రావడం చాలామంది తల్లులకు జరుగుతుంది, రెండు వారాల్లో తగ్గిపోతుంది. అది దాటినా దిగులు వదలకపోతే, బిడ్డ మీద ఆసక్తి లేకపోతే, చావు ఆలోచనలు వస్తే అది చికిత్స ఉన్న జబ్బు. గాలి సోకిందని మంత్రించడంతో సరిపెట్టకుండా డాక్టరుకు చూపించాలి. టెలి మానస్ నంబరు 14416కు ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు ఖర్చు లేదు.

ఆగకుండా బయల్దేరాల్సిన వేళలు

బాగా పాలు తాగుతున్న బిడ్డ రెండు మూడు విడతలు వరుసగా తాగకపోతే, లేపినా లేవకుండా వేలాడిపోతే, తాకితే తప్ప కదలకపోతే అది నిద్ర అనుకోవద్దు. బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు గడియారం పెట్టుకుని పూర్తిగా ఒక నిమిషం పొట్ట లేచి పడడం లెక్కపెట్టాలి. నవజాత శిశువు ఊపిరి ఆగి ఆగి నడుస్తుంది కాబట్టి పావు నిమిషం లెక్కపెట్టి నాలుగుతో హెచ్చిస్తే తప్పు వస్తుంది. 60 లేదా అంతకు మించి వస్తే మరోసారి లెక్కపెట్టాలి, మళ్లీ అంతే ఉంటే బయల్దేరాలి. ఊపిరి తీసుకునేటప్పుడు పక్కటెముకల కింద లోతుగా గుంట పడడం, మూలుగు, చంకలో వేడి 37.5 డిగ్రీల సెల్సియస్ దాటడం లేదా వెచ్చగా కప్పినా 35.5 కంటే దిగిపోవడం, ఒక చెయ్యో కాలో లయగా కొట్టుకోవడం, కళ్లు ఒక పక్కకు నిలిచిపోవడం, పెదవులు నీలంగా మారడం, ఆకుపచ్చ వాంతి, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా చాలు. రెండోది కనిపించేదాకా చూడకూడదు. నెలలోపు బిడ్డకు జ్వరం వస్తే ఇంట్లో సిరప్ పోసి తెల్లారేదాకా ఆగడం అన్నది ఉండకూడదు.

108కు ఫోను చేసినప్పుడు బిడ్డ వయసు రోజుల్లో చెప్పాలి. శ్రీకాకుళంలో రిమ్స్ అని అందరూ పిలిచే సర్వజన ఆసుపత్రిలోనూ, విజయనగరం ఘోషా ఆసుపత్రిలోనూ నవజాత శిశువుల ప్రత్యేక విభాగాలు ఉన్నాయి. ఏడాదిలోపు జబ్బుపడిన బిడ్డకు ప్రభుత్వ ఆసుపత్రిలో చికిత్స, మందులు, పరీక్షలు, రానుపోను రవాణా ఉచితమని 2011లో మొదలైన కేంద్ర పథకం చెబుతోంది. కొండ మీది గూడెం నుంచి డోలీలో దిగాల్సిన కుటుంబాలు మొదటి నెల రోడ్డుకు దగ్గరలో ఉన్న బంధువుల ఇంట్లో ఉండగలిగితే ఎన్నో గంటలు కలిసివస్తాయి.

వాహనం వచ్చేలోపు బిడ్డ తడి గుడ్డ మార్చి, తలకు టోపీ పెట్టి, తల్లి రొమ్ములకు ఆనించి చీరతో కట్టాలి. ముఖం మాత్రం మూయకూడదు, దారి పొడవునా ఊపిరి చూస్తూ ఉండాలి. మింగగలిగితే రొమ్ము పట్టించాలి లేదా పిండిన పాలు ఉగ్గుగిన్నెతో కొద్దికొద్దిగా ఇవ్వాలి. మగతగా ఉన్నా, మూర్ఛ వస్తున్నా నోట్లో ఏమీ పోయకూడదు. తల్లీబిడ్డల రక్షణ కార్డు, కాన్పయిన ఆసుపత్రి ఇచ్చిన డిశ్చార్జి కాగితం, తల్లి రక్తం గ్రూపు రాసిన చీటీ, బిడ్డ చివరిసారి ఎప్పుడు పాలు తాగిందీ ఎప్పుడు మూత్రం పోసిందీ రాసుకున్న కాగితం ఒకే సంచిలో పెట్టి ఉంచుకుంటే, అక్కడి డాక్టరు అడిగే మొదటి ప్రశ్నలకు వెతుక్కోకుండా జవాబు చెప్పవచ్చు.